ఆ చివరి రెండు కిలోమీటర్లు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. ఈ-సంచిక కోసం కొద్దిగా సరిచేసి ఇచ్చాం.)

  

మీ చేతుల్లో ఉన్న కార్యక్రమ పత్రం చూస్తే ముందు థింసా, ఆ తర్వాత ఉపన్యాసం అని ఉంటుంది. ఇవాళ అది తారుమారైంది. ఒడిశా వైపు నుంచి రావాల్సిన బృందం రాత్రే బయల్దేరింది. కొండ మీద వాన పడి గెడ్డ పొంగింది. డప్పులు, తుడుము తడవకుండా నెత్తిన పెట్టుకుని, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారట. ఇప్పుడే చేరుకున్నారు, అంబలి తాగుతున్నారు. వాళ్లు కాళ్లు కడుక్కుని గజ్జెలు కట్టుకునేలోపు మాట్లాడమని అధ్యక్షులవారు మాకు పని అప్పగించారు. మేం మాట్లాడదామనుకున్న విషయం కూడా ఆ గెడ్డ గురించే.

మేము అంటే కార్యవర్గంలో సరిహద్దు ఊళ్ల నుంచి ఉన్న ఐదుగురం. ఈ మాటలు ఐదుగురం కూర్చుని రాసుకున్నాం. చదివే గొంతు ఒకటే, మాట అందరిదీ. ఊరి పేరు, ఆఫీసు పేరు, కాంట్రాక్టరు పేరు చెప్పబోవడం లేదు. ఎవరినో పట్టుకుని తిట్టడానికి రాలేదు. పేరు చెబితే ఆ ఒక్కరిదే తప్పు అని మిగతావాళ్లు ఊరుకుంటారు, అది కూడా ఒక కారణం.

సాంస్కృతిక సంఘానికి రోడ్డు గోల ఎందుకని కిందటేడు ఒకరు అడిగారు. మర్యాదగానే అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే గీత దగ్గర మొదలుపెట్టాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. అంతకుముందు కొరాపుట్, జయపురం, మల్కన్‌గిరి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోనే ఉండేవి. అంటే మా తాతల చిన్నతనంలో గెడ్డకు ఇవతలా అవతలా ఒకే జిల్లా. గదబలు రెండు వైపులా ఉన్నారు, పోర్జాలు రెండు వైపులా ఉన్నారు, కోందులు రెండు వైపులా ఉన్నారు. గీత గీసినవాళ్లు చుట్టరికాలు అడిగి గీయలేదు. ఇప్పటికీ మా ఊళ్లో పది ఇళ్లు తీస్తే నాలుగింటి కోడళ్లు అవతలి వాళ్లే. పిల్లనిచ్చేది అక్కడ, తెచ్చుకునేది అక్కడ. పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు, చింతపండు అమ్ముకోవడానికి వాళ్లు మన సంతకు వస్తారు. వెదురు బుట్టలకి, మేకలకి మనం వాళ్ల సంతకు వెళ్తాం. బేరం ఆదివాసీ ఒడియాలో జరుగుతుంది, లెక్క తెలుగులో. థింసా అడుగు కూడా ఆ దారినే వచ్చింది, ఆ దారినే పోతుంది. దారి తెగితే ఆట తెగుతుంది. ఇవాళ కార్యక్రమం తారుమారైంది కదా, సాక్ష్యం అదే.

ఇటుకల పండగ వస్తే ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి, పాట పాడి డబ్బులు వసూలు చేస్తారని మీకు తెలుసు. మా ఊరి ఆడవాళ్లు కర్ర భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్లు దిగి వేరే ఊరి దగ్గర కడతారు. ఎందుకంటే మా దగ్గర కట్టడానికి రోడ్డు లేదు, ఆపడానికి బండి లేదు. ఇది నవ్వడానికి చెబుతున్నాం, నవ్వండి.

ఇక రోడ్డు సంగతి.

ఇప్పటికి పన్నెండేళ్ల కిందట మా వైపు తారు రోడ్డు చివరి నుంచి సరిహద్దు గెడ్డ దాకా ఎనిమిది కిలోమీటర్లు, గెడ్డ మీద వంతెన, అవతల ఒడిశా వాళ్లు వాళ్ల రోడ్డు నుంచి గెడ్డ దాకా నాలుగు కిలోమీటర్లు. ఇలా రెండు వైపులా కలుస్తుందని మాట ఇచ్చారు. శిలాఫలకం వేశారు. మేకపోతును కోశాం. ఆ రోజు ఊళ్లో ఉన్న కుర్చీలన్నీ వేదిక మీదకే వెళ్లిపోయాయి, ముసలివాళ్లు రాళ్ల మీద కూర్చున్నారు. జేసీబీ కొండెక్కినప్పుడు పిల్లలు బడి మానేసి దాని వెనక తిరిగారు.

మొదటి రెండేళ్లలో ఎనిమిదింటికీ మట్టి పని అయింది. నాలుగింటికి మెటల్ వేశారు. తర్వాత పని ఆగింది. బిల్లులు రాలేదన్నారు. ఏడాదిన్నర తర్వాత ఇంకొకరు వచ్చి ఆరు కిలోమీటర్ల దాకా తారు వేసి వెళ్లిపోయారు. మిగిలిన రెండు కిలోమీటర్ల మట్టి రెండు వానాకాలాల్లో కొట్టుకుపోయింది. ఇప్పుడక్కడ లాంటానా పొదలు. వంతెనకు పునాది కోసం తవ్విన గోతిలో పిల్లలు పీతలు పట్టుకుంటారు. అవతలి వైపు వాళ్ల రోడ్డు గెడ్డకు కిలోమీటరు దూరంలో ఆగింది. వాళ్ల కథ వాళ్ల ఒడియాలో ఉంటుంది, ఇంచుమించు ఇదే.

మేం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. మొదటిసారి జవాబు రాలేదు, అప్పీలు చేస్తే నలభై పేజీల కట్ట వచ్చింది. ఐదుగురం నాలుగు రాత్రులు చదివాం. అందులో 'కోత' అన్న మాట ఒక్కచోట లేదు. 'పని పరిధి సవరణ' అని ఉంది. 'అందుబాటులో ఉన్న నిధుల మేరకు' అని ఉంది. 'మిగిలిన భాగం తదుపరి దశలో' అని ఉంది. అందుకే మీకు చెబుతున్నాం. మీ ఊరి రోడ్డుకు డబ్బు తగ్గించారో లేదో తెలుసుకోవాలంటే 'కోత' కోసం వెతక్కండి, 'తదుపరి దశ' కోసం వెతకండి.

డబ్బు ఎలా తగ్గింది? ఇది కాస్త ఓపికగా వినాలి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైనప్పుడు రోడ్డు ఖర్చు మొత్తం కేంద్రానిదే. మైదానంలో 500 మంది ఉన్న ఆవాసానికి, కొండల్లో, అయిదో షెడ్యూలు ప్రాంతంలో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు అన్నారు. తర్వాత నక్సల్ ప్రభావిత బ్లాకుల్లో 100 మంది చాలన్నారు. 2009లో ఆ పేరు మీదే 8 రాష్ట్రాల్లో 34 జిల్లాలకు వేరే రోడ్ల ప్రణాళిక వచ్చింది. 2010 నుంచి ఇంటిగ్రేటెడ్ యాక్షన్ ప్లాన్ అని జిల్లాకు ఏడాదికి 25 కోట్లు, ఆ తర్వాత 30 కోట్లు ఇచ్చారు. కలెక్టరు, ఎస్పీ, అటవీ అధికారి ముగ్గురూ కూర్చుని చిన్న చిన్న పనులకు ఖర్చు పెట్టుకోవచ్చు. మాకు మాట ఇచ్చింది ఆ రోజుల్లోనే.

2015లో లెక్క మారింది. 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పన్నుల వాటాను 32 శాతం నుంచి 42 శాతానికి పెంచింది. రాష్ట్రాలకు ఎక్కువ ఇస్తున్నాం కాబట్టి పథకాల్లో మీ వాటా మీరు పెట్టుకోండి అన్నారు. గ్రామ సడక్ యోజన 60:40 అయింది. ఈశాన్య రాష్ట్రాలకు, హిమాలయ రాష్ట్రాలకు మాత్రం 90:10. తూర్పు కనుమలకు ఆ దయ లేదు. మన కొండ కొండ కాదా అని అప్పుడు ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. మనకు తెలియలేదు. జిల్లాకు వచ్చే ఆ 30 కోట్ల పథకం కూడా 2015లోనే ఆగిపోయింది. 2016 చివర్లో మళ్లీ నక్సల్ ప్రభావిత ప్రాంతాల రోడ్లని 44 జిల్లాలకు 11,724 కోట్ల పథకం వచ్చింది, అదీ 60:40.

రాష్ట్రాలకు వాటా పెంచడం తప్పని మేం అనడం లేదు. పెరిగిన వాటా రాష్ట్ర ఖజానాకు చేరింది. అక్కడి నుంచి కొండెక్కడానికి దానికీ రోడ్డు లేదు, అంతే. నలభై పైసలు రాష్ట్రం పెట్టకపోతే అరవై పైసలు రావు. ఆ నలభై ఎప్పుడు పెడతారంటే, ఓట్లున్న రోడ్లన్నీ అయ్యాక మిగిలితే పెడతారు.

ఇప్పుడు అసలు ముడి. ఎనిమిది కిలోమీటర్లలో ఆ చివరి రెండే ఎందుకు పోయాయి? ఎవరి మీదా కోపం లేకుండా ఫైలు చదివితే తెలిసింది. మన రాష్ట్రంలో చివరి ఊరు ఆరో కిలోమీటరు దగ్గర ఉంది. ఆ తర్వాత అడవి, గెడ్డ, అవతల ఒడిశా ఊళ్లు. పట్టికలో 'లబ్ధి పొందే జనాభా' అని ఒక గడి ఉంటుంది. చివరి రెండు కిలోమీటర్లకు ఎదురుగా ఆ గడిలో సున్నా రాశారు. అవతలి వైపు వాళ్ల పట్టికలోనూ చివరి కిలోమీటరుకు సున్నాయే ఉంటుందని మా అనుమానం. రోడ్డు మీద నడిచేది ఒకే మనుషులు. ఈ పట్టికలో వాళ్లు ఆ రాష్ట్రం వాళ్లు, ఆ పట్టికలో మేం ఈ రాష్ట్రం వాళ్లం. డబ్బు తక్కువైనప్పుడు ఇంజనీరు దేన్ని తీసేస్తాడు? సున్నా ఉన్నదాన్నే తీసేస్తాడు. మేం ఆ కుర్చీలో కూర్చున్నా అదే చేస్తామేమో.

ఇదే పథకంలో దేశ సరిహద్దు బ్లాకులకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ కొండ రాష్ట్రాల్లో పది కిలోమీటర్ల కాలిబాట లోపు ఉన్న ఆవాసాలన్నింటినీ ఒక్కటిగా లెక్కపెట్టొచ్చు. దేశానికి హద్దు అయితే దాన్ని అంచు అని గుర్తించారు. రాష్ట్రానికి హద్దు అయితే గుర్తింపు లేదు. కానీ అంచున ఉన్నవాడి కాలినొప్పి రెండు చోట్లా ఒకటే.

ఆ సున్నాలో ఎవరున్నారో రెండు సంగతులు చెబుతాం.

మా ఆడపడుచు ఒకామెను అవతలి ఊరికి ఇచ్చాం. నాలుగేళ్ల కిందట శ్రావణంలో ఆమెకు నొప్పులు వచ్చాయి. వాళ్ల వైపు అంబులెన్స్ గెడ్డకు అటు కిలోమీటరు దూరంలో ఆగింది గానీ, ఆ రోడ్డున వాళ్ల ఆసుపత్రి చాలా దూరం. మన వైపు ఆసుపత్రి దగ్గర. మన 108 బండి గెడ్డకు ఇటు రెండు కిలోమీటర్ల దూరంలో ఆగింది. రెండు బళ్లూ లైట్లు వేసుకుని ఉన్నాయి, ఒకరికొకరు కనబడుతున్నారు. మధ్యలో డోలీ. నలుగురు మోస్తున్నారు, నలుగురు మార్చుకోవడానికి వెనక నడుస్తున్నారు. ఆశా కార్యకర్త గొడుగు పట్టుకుంది. గెడ్డ దాటాక పనసచెట్టు కింద కాన్పు అయింది. తల్లీ పిల్లా బాగున్నారు. తర్వాత జనన ధ్రువపత్రం కోసం వెళ్తే, తండ్రిది ఒడిశా కాబట్టి అక్కడ అడగండని ఇక్కడన్నారు. పుట్టింది ఆంధ్రాలో కాబట్టి అక్కడ అడగండని అక్కడన్నారు. పనసచెట్టు ఏ రాష్ట్రంలో ఉందో తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పిల్ల ఇవాళ వాళ్ల బృందంతోనే వచ్చింది. జిలేబీ తింటోంది, అదిగో.

రెండో సంగతి క్లుప్తంగా చెబుతాం. నిరుడు వానల్లో మా పెదనాన్నను డోలీలో ఇటు తెచ్చాం. బండి దగ్గరకు చేరాక డోలీ దింపితే ఆయన అప్పటికే లేడు. మోసినవాళ్లలో ఎవరికీ దారిలో తెలియలేదు. తిరిగి అదే డోలీలో మోసుకుపోయాం.

డోలీ మోతల వార్త మీరు పేపర్లో చాలాసార్లు చూసే ఉంటారు. ఫొటోలో డోలీ, కింద రెండు వాక్యాలు. రెండు రోజులు అధికారులు వస్తారు. మాకు ఫొటో మీద కోపం లేదు. ఫొటో తీసేవాడు కూడా నడిచే వచ్చాడు.

రెండు రాష్ట్రాలు కలిసి పని చేయడం కష్టం, అందుకే సరిహద్దు పనులు జరగవు అని ఒక పెద్దాయన మాకు చెప్పారు. అది విన్నప్పుడు మాకు మాచ్‌ఖండ్ గుర్తొచ్చింది.

మాచ్‌ఖండ్ నది మీద జోలాపుట్ డ్యామ్ ఎక్కడుంది? సరిహద్దు మీదే ఉంది. దాని కోసం మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు 1946లోనే ఒప్పందం రాసుకున్నాయి, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు. ఖర్చెంత, కరెంటు ఎంత, ఎవరికెంత అని మొదట 70:30 అనుకున్నారు, ఇప్పుడు సగం సగం. 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. తర్వాత బలిమెల. 1962లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా కూర్చుని నీళ్లు సగం సగం అని రాసుకున్నాయి. నీటికి కొలత ఉంది, మెగావాటుకు కొలత ఉంది. ఒక్క బొట్టు అటూ ఇటూ అయితే లేఖలు నడుస్తాయి. మునిగింది మాత్రం మన భూములు, మన వెలుపు రాళ్లు, మన సంత దారులు. ఆ రిజర్వాయర్లు నిండడానికి దారులు మునిగాయి కదా, ఆ దారుల లెక్క ఏ ఒప్పందంలో ఉంది? బాక్సైట్ జీవో 97 వచ్చినప్పుడు, 2015లో, హెక్టార్లతో సహా మన కొండల కొలత ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉంది. 2019లో రద్దయింది, సంతోషం. కొలవడం చేతకాదని మాత్రం ఎవరూ మాకు చెప్పకండి.

బలిమెల నీళ్లు చుట్టుముట్టి అవతల 151 ఊళ్లు తెగిపోయాయి. కటాఫ్ ఏరియా అనే పేరే పడింది. లాంచీలో పోవాలి, లేదా కొండలెక్కి మన ముంచంగిపుట్టు, పెదబయలు వైపు సంతలకు రావాలి. అక్కడ వంతెన కావాలని దశాబ్దాలు అడిగారు. టెండర్లు పిలిచారు, ఎవరూ రాలేదు, మళ్లీ పిలిచారు. చివరికి 2018 జులై 26న గురుప్రియ వంతెన తెరిచారు. 910 మీటర్లు. ఆ రోజు అవతలి మా చుట్టాలు ఫోన్ చేసి ఏడ్చారు, సంతోషంతోనే. మేం ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, వంతెన కట్టడం అసాధ్యం కాదు. మా గెడ్డ గురుప్రియ అంత వెడల్పు లేదు, వేసవిలో మేక దూకుతుంది.

ఇంకో వింత చూడండి. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు పక్కన కొటియా ఊళ్లు ఇరవై ఒకటి. మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, ఆ తగవు ఇంకా తెగలేదు. అక్కడ రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు ఇస్తాయి. కొందరికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు. వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి, తీసిపారేయడం లేదు. కానీ తగవున్న చోట రోడ్డు ముందుకొస్తుంది, తగవు లేని మా గెడ్డ దగ్గర ఆగిపోతుంది. మా ఊళ్లో ఒక కుర్రాడు, మనం కూడా ఏదైనా తగవు పెట్టుకుందామా అన్నాడు. వాణ్ణి కసిరాం గానీ, లెక్క వాడికి బాగానే వచ్చు.

అలాగే నక్సల్ ప్రభావిత జిల్లా అన్న పేరు మీద వచ్చిన రోడ్లు. 2018లో ఆ జాబితా 126 జిల్లాల నుంచి 90కి తగ్గింది, 2021లో 70కి, 2024లో 38కి. తుపాకుల మోత తగ్గితే మాకన్నా సంతోషించేవాళ్లు లేరు. రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్నది మేమే. కానీ ఆ పేరు మీదే రోడ్డు ఇచ్చారు, ఆ పేరు పోయాక రోడ్డు ఏ పేరు మీద అడగాలి? 100 మంది ఉన్న ఆవాసం అన్న నియమం ఆ పేరుకు కట్టి ఉంది. అది పోతే 250 కావాలి. కొండ మీది మా గుంపులు 60 గడపలు, 40 గడపలు. తుపాకీ కోసం కాక మనిషి కోసం రోడ్డు అన్న మాట కాగితం మీద రావాలి. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్‌లో ఆ మాట కొంత ఉంది. ఆదిమ తెగల ఊళ్లకు 100 మంది ఉన్నా రోడ్డు అన్నారు, దేశమంతటా 8,000 కిలోమీటర్లు. మంచిదే. అందులో మన గదబలు, పోర్జాలు, కోందులు ఉన్నారు. పక్క గుంపులో కొండదొర, భగత ఇళ్లుంటే ఏం చేస్తారో చూడాలి. ఒకే కొండకు రెండు రకాల జనాభా లెక్కలు మాకు కొత్త కాదు.

రోడ్డు వద్దనే పెద్దవాళ్లు మాలో ఉన్నారు. వాళ్ల మాట దాచడం న్యాయం కాదు. రోడ్డు వస్తే ముందు లారీ వస్తుంది, తర్వాత షావుకారు వస్తాడు, తర్వాత గంజాయి వాడు వస్తాడు, చివరికి డాక్టరు వస్తే వస్తాడు అంటారు. ఆరో కిలోమీటరు దాకా రోడ్డు వచ్చాక వాళ్లు చెప్పిన మూడూ వచ్చాయి. మా పిల్లలు ఇద్దరు గంజాయి కేసులో ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. అయినా డోలీ మోసిన భుజం రోడ్డు వద్దని అనలేదు. ఆ పెద్దవాళ్లలో కూడా ఇద్దరు డోలీలోనే కిందికి దిగారు.

వాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉంది, ముత్తాతల నుంచి వచ్చింది. నర్సీపట్నం నుంచి గూడెం కొండల్లోకి ఘాట్ రోడ్డు వేసినప్పుడు మనవాళ్ల చేత బలవంతంగా పని చేయించారు, కూలి సరిగా ఇవ్వలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి మనవాళ్లు చింతపల్లి పోలీసు స్టేషన్ మీదకు వెళ్లారంటే, దాని వెనక ఆ రోడ్డు కూలి కూడా ఉంది. అంటే రోడ్డుతో మన మొదటి పేచీయే డబ్బు దగ్గర. సర్కారు ఇవ్వాల్సింది ఇవ్వలేదు. వందేళ్లు దాటింది. అప్పుడు రోడ్డు వేయించి కూలి ఎగ్గొట్టారు, ఇప్పుడు రోడ్డే ఎగ్గొట్టారు అని మా మేనమామ అంటాడు.

మనకు కనబడేలా ఇంకో రోడ్డు వస్తోంది. రాయపూర్ నుంచి విశాఖపట్నం, ఆరు వరసలు, 464 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాలు. దానికి సరిహద్దు అడ్డు రాలేదు. 'లబ్ధి పొందే జనాభా' గడిలో ఎవరి పేరు రాశారో గానీ సున్నా మాత్రం రాయలేదు. అరవయ్యేళ్ల కిందట బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కేకే లైను వేసినప్పుడూ అంతే. ఖనిజానికి ఏ రాష్ట్రమని ఎవరూ అడగరు.

ఇంత చెప్పాక ఏం చేశారని అడుగుతారు. చేసినవి చెబుతాం.

అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద రోడ్డుకు ఒక హెక్టారు లోపు అటవీ భూమి గ్రామసభ సిఫార్సు మీద ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు. ఒక హెక్టారంటే పది వేల చదరపు మీటర్లు. ఆరు మీటర్ల వెడల్పు అనుకుంటే కిలోమీటరున్నర దాటి వస్తుంది, మాకు చాలదు. నాలుగున్నర మీటర్లకు కుదిస్తే రెండు కిలోమీటర్లు దాటుతుంది, సరిపోతుంది. తాడు పట్టుకుని మేమే కొలిచాం. చెట్లు లెక్కపెట్టాం. వంపు దగ్గర ఉన్న పెద్ద ఇప్పచెట్టు జోలికి పోకుండా దారి పక్కకు జరిపాం. గ్రామసభ తీర్మానం చేశాం. అవతలి వాళ్లు వాళ్ల పల్లీసభలో తీర్మానం చేశారు, అదే చట్టం అక్కడా ఉంది కదా. రెండు తీర్మానాలూ ఒకే రోజు, గెడ్డకు అటూ ఇటూ కూర్చుని రాశాం. మన వైపు రాసేవాడి పెన్ను ఇంకు అయిపోతే అవతలి నుంచి పెన్ను విసిరారు.

ఇక అడిగేది ఒక్కటే. మాచ్‌ఖండ్‌కు రాసుకున్నట్టు సరిహద్దు రోడ్లకూ ఒక వాటా రాసుకోండి. మూడు కిలోమీటర్లు, ఒక వంతెన. అరవై నలభై అంటారో, సగం సగం అంటారో మీ ఇష్టం. రెండు వైపుల జనాన్నీ కలిపి ఒకే గడిలో రాయండి. రెండు రాష్ట్రాలు కూర్చునే చోటు లేదంటారేమోనని అదీ చూశాం. జోనల్ కౌన్సిళ్లు ఉన్నాయి గానీ ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో, ఒడిశా తూర్పు మండలిలో ఉన్నాయి. మామూలుగా ఒకే బల్ల దగ్గరకు రావు. కాబట్టి పై నుంచి దిగే దాకా ఆగితే మా మనవలు కూడా ఇదే ప్రసంగం చదువుతారు. రెండు జిల్లాల కలెక్టర్లూ ఒక పూట కూర్చుంటే చాలు. కూర్చోవడానికి చోటు లేకపోతే ఆ పనసచెట్టు కింద చాప వేస్తాం. నడిచి రావాలి, అంతే.

మహజరు రెండు భాషల్లో రాశాం. తెలుగుది గేటు పక్కన బల్ల మీద కుడి వైపు ఉంది, ఒడియాది ఎడమ వైపు. ఏదైనా ఒకటే, రెండింటి మీదా పెట్టినా తప్పు లేదు. వేలిముద్ర ప్యాడ్ తెచ్చాం. ఊరి పేరు, గడపలెన్నో తప్పకుండా రాయండి, అవతలి గుంపుల వాళ్లు కూడా రాయండి. వచ్చే సోమవారం రెండు బృందాలుగా వెళ్తున్నాం, ఒకటి పాడేరు, ఒకటి కొరాపుట్. కొరాపుట్ వెళ్లేవాళ్లు ఆదివారం పొద్దున్నే గెడ్డ దాటాలి, వాన పడితే శనివారమే.

గజ్జెలు కట్టుకున్నట్టున్నారు. జోహార్.